సెంటు సెంటుగ: టీకా తాత్పర్య విశేష సహితము

అవతారిక: ఒకానొక బ్లాగరి మూడేళ్లపాటు వంటల వెబ్‌సైటు నడిపి, దానివల్ల కలిగిన జ్ఞానాన్ని ఒక్క పద్యంలో పెట్టాడు. ఛందస్సు తేటగీతి. గీతి తేటగానే ఉంది గాని కవిగారి తలగీత మసకగా ఉన్నందువల్ల వ్యాఖ్యానం అవసరమైంది.

సెంటు సెంటుగ నిండును చిట్టి ముంత
నూఱు డాలర్ల గడపకు నోచుకొనక
పిన్ను కోసమై గుమ్మాన వేచి చూచి
తాను నొక్కిన యాడుతో తానె మునుగు

టీక: సెంటు సెంటుగన్ = ఒక్కొక్క సెంటు చొప్పున; చిట్టి ముంత = చిన్న ముంత, ఇక్కడ ప్రకటనల ఖాతా; నిండును = నిండుతుందని ఆశ; నూఱు డాలర్ల గడపకున్ = డబ్బు చేతికి రావడానికి దాటవలసిన హద్దుకు; నోచుకొనక = ఆ భాగ్యం లేక; పిన్ను కోసమై = ఆరంకెల సంఖ్య గల ఉత్తరం కోసం; గుమ్మానన్ = వీధి వాకిట; వేచి చూచి = పోస్టుమాన్ సైకిలు బెల్లుకు చెవి ఒగ్గి; తాను నొక్కిన యాడుతోన్ = తానే వేలుపెట్టి నొక్కిన ప్రకటనతో; తానె మునుగు = మునుగుతాడు. కర్త పద్యంలో లేడు. "బ్లాగరి" అని అధ్యాహారం చేసుకోవాలి. రాసినవాడి పేరు ఎవరూ చూడకుండా ఆవకాయ కొలతలు మాత్రం రాసుకుని పోయే లోకాన్ని కవి ఇలా ధ్వనింపజేశాడని పెద్దలంటారు.

విశేషాలు: ముందుగా సెంటు. తెలుగు దేశంలో సెంట్లు మూడు. స్థలం కొనేవాడికి సెంటంటే ఎకరంలో నూరోవంతు, 48 గజాల చిల్లర. పెళ్లికి వెళ్లేవాడికి సెంటంటే చొక్కా మీద చల్లుకునేది. బ్లాగరికి సెంటంటే డాలరులో నూరోవంతు. మొదటిదానిలో కనీసం పాక వేసుకోవచ్చు, రెండోది సాయంత్రం దాకా వాసన వేస్తుంది. మూడోది తెర మీద "అంచనా ఆదాయం" అన్న మాట పక్కన కనిపిస్తుంది. అంచనా అన్న విశేషణాన్ని శిష్యులు బాగా గుర్తుపెట్టుకోవాలి, నెలాఖరున లెక్క సరిచూసి అందులోంచి కోస్తారు.

అసలు సెంట్లు ఎందుకు రాలతాయంటే, గూగుల్ వారు 2003లో యాడ్‌సెన్స్ అనే ఏర్పాటు చేశారు. వ్యాపారి ప్రకటన ఇస్తాడు, కంపెనీ దాన్ని మన పేజీలో అతికిస్తుంది, వచ్చినదాంట్లో మనకు వాటా. నూటికి 68 రచయితదని 2010లో వారే బయటపెట్టారు. కౌలు రైతుకు కూడా ఇంత గిట్టదు కదా అని పూర్వపక్షం. గిట్టదు, నిజమే, కాని నూటికి అన్న ఆ నూరు ఎంతన్నదే ప్రశ్న. తెలుగు పేజీ మీద వేలం పాడే వ్యాపారులు తక్కువ, పాడినా చిన్న పాటే పాడతారు. పదకొండో శతాబ్దంలోనే భారతం మొదలుపెట్టిన భాషకు యాడ్‌సెన్స్ భాషల జాబితాలో చోటు దొరికింది 2018లో. హిందీకి 2014లోనే దొరికింది. పాఠకుడు ఏ దేశంలో ఉన్నాడన్నదాన్ని బట్టి కూడా ధర మారుతుంది. అదే గోంగూర పచ్చడిని అమలాపురంలో నూరుమంది చదివితే వచ్చేదానికంటే డల్లాసులో పదిమంది చదివితే వచ్చేది ఎక్కువ కావచ్చు. అందుకే మన కవి ప్రతి వంట చివరా "గోంగూర దొరకని చోట" అని ఒక పేరా కలిపేవాడు.

సెంటుకూ చిట్టికీ యతిమైత్రి చక్కగా కుదిరింది. సెంటుకూ ఖర్చుకూ కుదరలేదు. ముంత అడుగున చిల్లులున్నాయన్న సంగతి కవి మూలంలో చెప్పలేదు, వ్యాఖ్యాత చెప్పక తప్పదు. సైటు పేరుకు ఏటేటా అద్దె, ఆ పేరు కాపురముండే సర్వరుకు వేరే అద్దె. పేరు గడువు మరచిపోతే కొన్నాళ్లు ఊరుకుంటారు, తరవాత ఒక నెల దండుగతో విడిపించుకోమంటారు, ఆపైన అది ఎవరిదైనా కావచ్చు. తాళంకప్ప బొమ్మ కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు ఉచితంగా ఇచ్చే పత్రానికి ఆయుర్దాయం 90 రోజులే. దాన్ని తిరగరాయించే ఏర్పాటు తెగిపోతే "ఈ సైటు సురక్షితం కాదు" అని పాఠకుడి ముందు ఎర్ర అక్షరాలు పడతాయి. పులిహోరలో ప్రమాదమేమిటని ఒకావిడ నిజంగానే ఫోను చేసి అడిగింది. ఒక శ్రావణ శుక్రవారం ప్లగిన్ ఏదో కొత్తది ఎక్కించగానే సైటంతా తెల్లకాగితమైపోయింది. పూర్ణం బూరెల కోసం వచ్చినవాళ్లంతా అటునించి అటే పోయారు. ముంత సంగతి ఇంతటితో చాలు.

మూడో పాదంలో క్రమభంగ దోషం ఉందని కొందరు. పది డాలర్లు చేరగానే పిన్ను ఉత్తరం బయలుదేరుతుంది, నూరు చేరాక గాని డబ్బు రాదు, కాబట్టి పిన్ను ముందు, గడప తరవాత ఉండాలని వారి వాదం. చోద్యమేమిటంటే, తీగల మీద లోకమంతా నడిపే కంపెనీ, మన ఇల్లు నిజమో కాదో తేల్చుకోవడానికి కాగితం ఉత్తరాన్నే నమ్ముకుంది. అది రెండు నుంచి నాలుగు వారాల్లో వస్తుందంటారు. నాలుగు నెలల్లో ఆ సంఖ్య ఎక్కించకపోతే ప్రకటనలు ఆగుతాయి. కవిగారి చిరునామా "రామాలయం వీధి, పాత వాటర్ ట్యాంకు ఎదురుగా". ట్యాంకు పడగొట్టి ఆరేళ్లయింది. మొదటి ఉత్తరం రాలేదు, రెండోది మూడిళ్ల అవతల కరెంటు బిల్లుల మధ్య దొరికింది. పది డాలర్లకే పద్నాలుగు నెలలు పట్టినవాడికి ఏది ముందో ఏది వెనకో ఎలా గుర్తుంటుంది? కనుక దోషం లేదు. పైగా గడప డాలర్లది, గుమ్మం ఇంటిది. రెండోదాని మీద కూర్చుని మొదటిదాని వైపు చూడడం ఇక్కడి చమత్కారం.

"నొక్కిన యాడు" దగ్గర యకారం ఆగమమా, సహజమా అన్న చర్చ ఉంది, వదిలేద్దాం. పెద్ద చిక్కు "తాను" దగ్గర. తన పేజీలో ప్రకటనను తాను నొక్కరాదు, ఇంకొకరిచేత నొక్కించరాదు, ఇది యాడ్‌సెన్స్ ధర్మసూత్రం. కవి అంత తెలివితక్కువవాడు కాడని అతణ్ణి ఎరిగినవారి మాట. మరి నొక్కినదెవరు? వ్యాఖ్యాతకు దొరికిన సమాచారం ప్రకారం, పాలకొల్లులో ఉండే మామగారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆయనే చెప్పారట: "అల్లుడుగారూ, మీ దాంట్లో కుక్కరు బొమ్మొస్తుంది చూడండీ, రోజూ కాఫీ తాగుతా ఓ ఇరవై సార్లు నొక్కేస్తున్నానండీ. మా పేకాట బ్యాచీకి కూడా చెప్పానండీ." అప్పటికి ముంతలో తొంభై ఒక్క డాలర్లున్నాయి. కవి గారె కొరికినవాడు కొరికినట్టే ఉండిపోయాడు. పండగ తరవాత నాలుగు రోజులకు ఖాతా మూతపడింది. వ్యాపారుల సొమ్ము వ్యాపారులకు తిరిగి వెళ్లింది. కుక్కరు మాత్రం మామగారు కొన్నారట.

అయితే "తాను" అని ఎందుకన్నాడు? మామగారి పేరు పద్యంలో పెడితే ఇంట్లో అన్నం పుట్టదు. ఇది సర్వనామానికి ఉన్న మహోపకారం.

తాత్పర్యం: సెంటు చొప్పున ఖాతా నిండుతుందని నమ్మి, నూరు డాలర్లు చూడకుండానే, ఉత్తరం కోసం వాకిట పడిగాపులు కాసి, ఆత్మీయుల వేలిచలువ వల్ల బ్లాగరి మునుగుతాడని భావము. "మునుగు" తద్ధర్మార్థక రూపం. మునిగెను, మునుగుచున్నాడు, మునుగగలడు అనే మూడర్థాలూ దానిలో ఉన్నాయి. మూడో అర్థానికి ఆధారం కూడా దొరికింది. ఉగాదినాడు కవిగారు కొత్త పేరు కొని పిండివంటల సైటు తెరిచారు, ఖాతా ఈసారి మామగారి పేరిట. ప్రకటనలు నొక్కకూడదని ఆయనకు గట్టిగా చెప్పారు. అత్తగారికి ఇంకా చెప్పలేదు.