అమ్మను తూచని కాటా

నా ముల్లు 25 కిలోల గీత దాటి పోదు. గుండ్రటి ముఖం, లోపల ఉక్కు స్ప్రింగు, కింద ఒక కొక్కెం, ఆ కొక్కేనికి బిడ్డ కాళ్లు దూర్చే గుడ్డ సంచి. ఇంతే నేను. కళ్యాణదుర్గంలో ఒక శివారు వీధి అంగన్‌వాడీలో, బండల కప్పు కింది దూలానికి వేలాడుతూ బతికాను. బరువు ఎంత పడితే స్ప్రింగు అంత సాగుతుంది, ముల్లు అంత తిరుగుతుంది. రాబర్ట్ హుక్ 1678లో వివరించి చెప్పిన ఈ సూత్రమే నా ప్రాణం.

దేశంలో అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న మొదలయ్యాయి. ఆ తర్వాతి ఏళ్లలో నావంటి కాటాలు ఊరూరా వేలాడాయి. బిడ్డను సంచిలో కూర్చోబెడతారు, వాడు గుక్కపట్టి ఏడుస్తాడు, ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. అది కుదురుకునేదాకా టీచర్ ఓపికగా నిలబడుతుంది. ఆ అంకెను కార్డు మీద చుక్కగా పెడుతుంది. నెల నెలా చుక్కలు కలిపితే ఒక గీత. ఆకుపచ్చ పట్టీలో పైకి పోతుంటే బిడ్డ బాగున్నట్టు. పసుపులోకి జారితే జాగ్రత్త పడాలి. అంతకంటే కిందికి దిగితే ఆస్పత్రికి పంపాలి. నా మటుకు నాకు పట్టీ రంగు కంటే గీత పోకడే ముఖ్యం. ఆకుపచ్చలో ఉన్న బిడ్డ గీత కూడా రెండు నెలలు అడ్డంగా పోయిందంటే ఆ ఇంట్లో ఏదో జరుగుతున్నట్టే.

ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఈ సీమలో వాన తక్కువ. పాత అనంతపురం జిల్లా అంతటికీ సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన నమ్ముకుని శెనక్కాయ వేస్తారు. శెనక్కాయ చెట్లు పీకే రోజుల్లో, కాయలు ఇడిపించే రోజుల్లో అమ్మలు తెల్లారకముందే కూలికి పోతారు. పంట పోయిన ఏడు నాయన బెంగుళూరు బస్సెక్కుతాడు. ఆరు నెలలు నిండిన బిడ్డకు పాలతోపాటు మెత్తటి అన్నం, పప్పు, రాగి జావ రోజుకు రెండు మూడుసార్లు పెట్టాలి. తొమ్మిది నెలలు దాటితే ఇంకోసారి ఎక్కువే పెట్టాలి. ఒక్కో పూట అరగంట పడుతుంది, బుజ్జగించాలి, ఊసిందాన్ని తుడిచి మళ్లీ పెట్టాలి. దానికి తిండి ఒక్కటే సరిపోదు, పెట్టే మనిషిలో సత్తువ ఉండాలి. ఆ సత్తువ తగ్గిన నెల నా ముల్లు మీద తెలిసిపోతుంది. ఎన్నో ఏళ్లు బిడ్డల బరువు పేరుతో నేను చదివింది అమ్మల అలసటనే.

ఆ అమ్మ బరువు మాత్రం నేనెన్నడూ చూడలేదు. నా స్ప్రింగు ఆ బరువు మోయలేదు. కడుపుతో ఉన్నన్నాళ్లూ ఆమె బరువు రాస్తారు, రక్తం చూస్తారు. కాన్పు అయి బిడ్డ చేతికొచ్చాక అందరి కళ్లూ బిడ్డ మీదికి తిరుగుతాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువ. ఇనుము ఉండే ఎర్ర బిళ్ళలు కాన్పుకు ముందు 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వేసుకోవాలని ప్రభుత్వమే చెప్పింది. ఆ రెండో 180 రోజుల బిళ్ళలు ఎన్ని ఇళ్లలో గూట్లోనే ఉండిపోయాయో అమ్మల మాటల్లో విన్నాను. కడుపులో తిప్పుతుందని ఒకరు, నల్లగా విరేచనం అవుతుందని భయపడి ఒకరు, గుర్తుండక ఇంకొకరు.

2013 నుంచి మా కేంద్రంలో అమ్మలకు ఒక పూట భోజనం పెట్టేవాళ్లు. అన్నం, పప్పు, గుడ్డు, గ్లాసు పాలు. అక్కడే కూర్చుని తినాలన్నది పద్ధతి. నేను చూసిన పథకాలన్నిటిలో మనసెరిగి చేసింది అదొక్కటే అంటాను. గుడ్డు ఇంటికి పోయిందంటే అది పెద్దపిల్లకో, మామకో, మొగుడికో పోతుంది. అమ్మ తిన్నదో లేదో చూడాలంటే ఎదురుగా కూర్చోబెట్టాలి. కరోనా వచ్చాక సరుకులు ఇళ్లకే పోయాయి.

ఒక అమ్మ సంగతి చెప్పాలి. పాపకు తొమ్మిదో నెల. గీత అడ్డంగా పోయింది. టీచర్ అడిగింది:

"ఏమ్మా, ఈ నెల ఏమైంది? పాపకు జొరమొచ్చిందా?"

"లేదక్కా. మా అత్తకు షుగరు ఎక్కువైంది, కాలికి పుండు. ఆస్పత్రి చుట్టూ తిరిగినా. పెద్దోనికి ఇస్కూలు. ఆయప్ప బెంగుళూరులో ఉండాడు."

"మరి నువ్వెట్లుండావు?"

ఆమె మాట్లాడలేదు. ఆ ప్రశ్న తనకు కాదనుకున్నట్టు పాప చొక్కా గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. టీచర్ ఆమె కింది రెప్ప లాగి చూసింది. తెల్లగా ఉంది. పొద్దున టీ తాగితే మధ్యాహ్నం దాకా అదే ఆధారమన్న సంగతి మెల్లిగా బయటికొచ్చింది. రాత్రి పాప లేచినప్పుడల్లా లేవాలి, అత్త పిలిచినప్పుడల్లా పోవాలి.

అప్పటికే కేంద్రంలోకి కొత్త డిజిటల్ కాటా వచ్చింది. 2018లో పోషణ్ అభియాన్ మొదలయ్యాక వచ్చిన రకం. అమ్మ ఎక్కుతుంది, అంకె పడుతుంది, మీట నొక్కి ఆ అంకెను సున్నా చేస్తారు. తర్వాత బిడ్డను చేతికిస్తే బిడ్డ బరువొక్కటే కనిపిస్తుంది. మంచి యంత్రమే, బిడ్డ ఏడవకుండా పని జరుగుతుంది. కానీ ఆ సున్నా చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉండేది. ఆ రోజు టీచర్ మీట నొక్కే ముందు ఆగింది. పడిన అంకెను కార్డు అంచున పెన్నుతో రాసింది: 41. అప్పటి నుంచి ప్రతి అమ్మ అంకె రాశాకే మీట నొక్కుతోంది. ఎవరూ చెప్పలేదు, ఏ రిజిస్టరులోనూ దానికి గడి లేదు.

ఆ అమ్మను రక్తపరీక్షకు పంపింది. హిమోగ్లోబిన్ 8.4 గ్రాములు. కడుపుతో లేని ఆడమనిషికి 12 ఉండాలి. బిళ్ళ అన్నం తిన్నాక వేసుకొమ్మంది, టీ దాని దగ్గరికి రానీయొద్దంది, నిమ్మకాయ పిండుకోమంది. విరేచనం నల్లగా అయితే భయపడొద్దు, ఇనుము వల్లే అలా అవుతుందని చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె కేంద్రం అరుగు మీద కూర్చుని మొగుడికి ఫోను చేసింది. కిటికీలోంచి నాకు వినిపించింది.

"ఎనిమిదీ నాలుగు ఉందంట."

"పాప బరువా? బానే ఉందిగా?"

"పాపది కాదు. నా రక్తం."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అడిగాడు, తన అమ్మను ఆస్పత్రికి ఏ వారం తీసుకపోవాలని. నెలకు రెండు దినాలు తానొచ్చి ఆ పని చూస్తానన్నాడు. ఆమె తేదీలు చెప్పింది, ఒక్కొక్కటీ రెండుసార్లు, అతను రాసుకునేదాకా.