రీస్టార్టు బాబాయ్‌గారు

విజయవాడ పటమటలో లిఫ్టు లేని అపార్టుమెంటు చూశాను గానీ రీస్టార్టు బాబాయ్‌గారు లేని అపార్టుమెంటు మాత్రం ఇంతవరకు చూడలేదు. హైస్కూలు రోడ్డులోకి వెళ్లినా, ఎన్టీఆర్ సర్కిల్లో దిగినా, పటమటలంక సందుల్లోకి తిరిగినా ఆయన ఉంటారు. బ్యాంకులోనో, ఇరిగేషన్లోనో, ఆర్టీసీలోనో చేసి రిటైరయి ఉంటారు. గళ్ల లుంగీ, జేబున్న బనీను. ఆ జేబులో రెండు సన్న బ్యాటరీలు, ఓ పిన్నీసు. బ్యాటరీలు రిమోటుకి. పిన్నీసు సంగతి తర్వాత చెప్తాను, అది భయపడాల్సిన వస్తువు.

ఎవరింట్లోనైనా సినిమా మధ్యలో తెర నల్లబడి గుండ్రం తిరగడం మొదలైందంటే కస్టమర్ కేర్ నంబరు ఎవరికీ గుర్తు రాదు. "బాబాయ్‌గార్ని పిలవండ్రా" అంటారు. ఆయన వెంటనే రారు. ఓ పది నిమిషాలు ఆగి, ఏదో ముఖ్యమైన పని మధ్యలో లేచొచ్చినట్టు మొహం పెట్టుకుని వస్తారు. వచ్చీ రాగానే రిమోటు పట్టుకోరు. ముందు టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చి వేడి చూస్తారు. అప్పుడు విచారణ.

"చెల్లెమ్మా, టీవీ ఆపి ఎన్నాళ్లయింది?"

"రోజూ పడుకునేముందు ఆపుతూనే ఉన్నానండీ అన్నయ్యగారూ."

"రిమోటుతోనా?"

"రిమోటుతో కాకపోతే దేంతో ఆపుతారండీ?"

ఇక్కడ ఆయన చిన్నగా నవ్వుతారు. ఆ నవ్వు కోసమే మూడంతస్తులు దిగొచ్చారని మనకి తెలిసిపోతుంది. రిమోటు మీద ఎర్ర మీట నొక్కితే తెర ఆరుతుందే గానీ చాలా టీవీలు లోపల మేలుకునే ఉంటాయి. నెల కిందట తెరిచిన యాప్ కూడా మెమరీలో ఓ మూల మడత మంచం వేసుకుని కూర్చునే ఉంటుంది. అందుకని ఆయన గోడ దగ్గరికి నడిచి, స్విచ్ కట్టేసి, ప్లగ్గు కూడా పీకి, చేతిలో పట్టుకుని నిలబడతారు. నిమిషం పాటు ఎవరూ మాట్లాడకూడదు. మళ్లీ పెడతారు. బొమ్మ వచ్చేస్తుంది. "అంతేనా?" అని మాత్రం అనకూడదు. ఆ మాటన్న ఇంటికి తర్వాతిసారి పది నిమిషాలు కాదు, గంట పడుతుంది.

నా లెక్కలో ఆయన విద్యలో ముప్పాతిక భాగం ఇదే. మిగతా పాతికా మాత్రం నిజంగా విద్యే, తీసిపారేయడానికి లేదు. గోడ గడియారం చూసి, టీవీలో తేదీ చూస్తారు. చాలాసేపు కరెంటు పోయొచ్చాక కొన్ని టీవీలు ఏళ్ల వెనక్కి వెళ్లిపోతాయి. వైఫై ఉంటుంది, సిగ్నల్ నిండుగా ఉంటుంది, యాప్ మాత్రం తెరుచుకోదు. యాప్‌కి, అవతల కంపెనీ సర్వరుకీ మధ్య ఓ సర్టిఫికెట్ చూపించుకోవడం ఉంటుంది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని రాసి ఉంటుంది. టీవీ తాను ఇంకా 2015లోనే ఉన్నాననుకుంటే, ఇవాళ్టి సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని వెనక్కి పంపేస్తుంది. తేదీ సరిచేస్తే చాలు. ఇది చెప్పాక ఆయనకిష్టమైన కథ కూడా వినాలి: 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లకి ఆధారమైన ఓ పాత మూల సర్టిఫికెట్ గడువు తీరిపోయి, ఏళ్ల తరబడి అప్‌డేట్ లేని పరికరాలు లోకమంతటా తడబడ్డాయి. ఆ కథ చెప్తున్నంతసేపూ ఆయన గొంతులో బాధ కంటే సంబరమే ఎక్కువ వినపడుతుంది.

తర్వాత రౌటర్ వేట. మన ఇళ్లలో రౌటర్ అందంగా ఉండదని దాన్ని బీరువా వెనకో, స్టీలు సామాన్ల అలమారలోనో దాచడం ఆనవాయితీ. "ఇనప్పెట్టెలో దీపం పెట్టి హాల్లో వెలుతురు రాలేదంటే ఎలాగమ్మా?" అంటారు. 5 గిగాహెర్ట్జ్ అయితే వేగం ఉంటుంది గానీ గోడ అడ్డమొస్తే నీరసపడుతుందట. 2.4 అయితే గోడలు దాటుతుంది గానీ ఒకదాని మీద ఒకటి పడకుండా నడిచే చానళ్లు అందులో మూడే, ఇటు చూస్తే ఇరవై ఫ్లాట్లు. వేగం లెక్కలూ నోటికి వచ్చు. 4కెకి 15 ఎంబీపీఎస్, మామూలు హెచ్‌డీకి 5. ఆ పదిహేను దగ్గర ఏపీ ఫైబర్‌నెట్ గుర్తొచ్చి, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి కోవింద్ గారు ప్రారంభించినప్పుడు నెలకి రూ.149కి ఇస్తామన్న వేగం సరిగ్గా అంతేనని, కరెంటు స్తంభాల మీదుగా లాగిన ఆ తీగల గురించి మొదలుపెడతారు. అక్కణ్నుంచి ఆటోనగర్‌కి ఎత్తు లోడుతో పోయే లారీలు, అవి తెంపుకుపోయే తీగలు. అప్పటికి కాఫీ వస్తుంది కాబట్టి బతికిపోతాం.

మాట నేర్పు కూడా తక్కువేం కాదు. హాట్‌స్టార్, జియోసినిమా కలిసి 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ అయినప్పుడు, బొమ్మ మారిపోయిందని, యాప్ ఎవరో తీసేశారని పెద్దవాళ్లు కంగారుపడ్డారు. "ప్రేమికుల రోజున వాళ్లిద్దరికీ పెళ్లయింది చెల్లెమ్మా, ఇంటిపేరు మారింది. మనిషి అదే" అని ఒక్క మాటతో తేల్చేశారు. ముసలి టీవీలో యాప్ ఆగిపోయినప్పుడు కూడా టీవీ పోయిందని ఎప్పుడూ అనరు. "చూపు బాగానే ఉంది, చేతికర్ర ఒకటి కావాలి" అంటారు. వెనక ఓ స్టిక్ గుచ్చుకోమని దానర్థం.

అసలు కష్టమంతా పాస్‌వర్డుల దగ్గర. పటమటలో సగం టీవీల ఖాతాలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కాపరం ఉంటాయి. ఇక్కడ వేసవి రాత్రి తొమ్మిదింటికి ఓటీపీ కొడితే అక్కడ డల్లాస్‌లో పొద్దున పదిన్నర, కోడలు మీటింగులో ఉంటుంది. ఆవిడ చూసుకుని పంపేలోగా ఓటీపీ గడువు తీరుతుంది. ఒక ఖాతా ఒక ఇంటివాళ్లకేనని 2023 జులైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలోనూ చెప్పడం మొదలుపెట్టాక రెండో అంతస్తు మాస్టారు ఓ ప్రశ్న వేశారు. "మా అబ్బాయి ఇల్లు మా ఇల్లు కాదా ఏంటండీ?" ఏ ప్రశ్నకైనా జవాబుండే బాబాయ్‌గారు ఆ పూట రిమోటు మూత తీసి, బాగానే ఉన్న బ్యాటరీలు మార్చడం మొదలుపెట్టారు.

ఇన్ని ఇళ్ల పాస్‌వర్డులు చేతిలో ఉన్నాయి కదా, ఎవరేం చూస్తున్నారో కూడా ఆయనకి తెలుసు. యాప్ తెరవగానే సగంలో వదిలేసినవన్నీ వరసగా నిలబడతాయి. ప్రవచనాలు తప్ప వేరేవి చూడనని కింద పార్కింగులో చెప్పే ఆవిడ వరసలో కొరియా కుర్రాళ్లు తొమ్మిదిమంది ఉన్నారు. ఈ కాలం సినిమాల్లో కొట్లాటలేనని విసుక్కునే పెద్దాయన వరసలో నరుకుళ్లు తప్ప మరోటి లేదు. బాబాయ్‌గారి చూపు ఆ వరస మీద ఆగదు. చటాల్న సెట్టింగుల్లోకి దూకేస్తారు. నన్నడిగితే ఆయనకి కాఫీ ఇవ్వాల్సింది ఇందుకు.

ఇక పిన్నీసు. ఏదీ పనిచేయకపోతే రౌటర్ వెనక సన్న కన్నంలో దాన్ని గుచ్చి పది అంకెలు లెక్కపెడతారు. దాంతో రౌటర్ కొత్తగా కొన్ననాటి స్థితికి వెళ్లిపోతుంది. వైఫై పేరు, పాస్‌వర్డు, కనెక్షన్ వాళ్లిచ్చిన యూజర్‌నేమ్ అన్నీ గాలికి. ఆ పైన కనెక్షన్ కుర్రాడు రావాలి, వాడు ఆదివారం రాడు. అందుకే ఆయన చెయ్యి బనీను జేబులోకి వెళ్తుంటే ఇంటిల్లిపాదీ "వద్దులెండి బాబాయ్‌గారూ, రేపు చూద్దాం" అని ఒకేసారి లేస్తారు.

చిత్రమేమిటంటే సొంతింట్లో ఆయనకి ప్రాక్టీసు లేదు. ఆ టీవీకి పాత కేబుల్ కనెక్షనే ఉంది. దాని రిమోటు భార్య చేతిలో ఉంటుంది, ముట్టుకోనివ్వరు. ఆ కేబుల్‌తో మ్యాచ్ రోజుల్లో పెద్ద చిక్కు వచ్చిపడుతుంది. యాప్ అన్నది ఆటని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, నాలుగు ముక్కలు చేతికొచ్చాకే చూపిస్తుంది. ఆ సర్దుడు కేబుల్‌కి లేదు గనక యాప్ కంటే బాగా ముందుంటుంది. మొన్న ఐపీఎల్ ఆఖరి ఓవర్లో కింది ఫ్లాటులో బొమ్మ ఆగితే ఆయన పరుగున వెళ్లి, ప్లగ్గు పీకి, నిమిషం నిలబడి, పెట్టి, బొమ్మ తెప్పించారు. అందరూ చప్పట్లు కొట్టబోతుండగా పైనుంచి పిన్నిగారి కేక: "ఏవండీ, అవుటయిపోయాడు, ఇంక భోజనానికి రండి!"

ఆయన బాగుచేసిన తెర మీద బౌలర్ ఇంకా బంతి తుడుచుకుంటున్నాడు.