వడ్డీ ఒకవైపే

హైదరాబాదు మహానగరమున ఆస్తిపన్ను గడువు దాటించిన గృహస్థునకు నెలకు నూటికి 2 వంతున అపరాధవడ్డీ తప్పదు. ఏప్రిల్ మాసముననే యేడాది పన్ను సమర్పించు భక్తునకు నూటికి 5 వంతుల రాయితీ ప్రసాదము. అట్లు చేరిన సొమ్ముతో మార్చి నెలాఖరున, నిధులు మురిగిపోవునను భీతిచే, రాత్రికి రాత్రి పఱచిన తారురోడ్డును మఱునెలలోనే గొట్టములవారు త్రవ్విపోయినచో, ఆ ఖర్చుల తనిఖీ యేండ్ల తరబడి సాగినచో, ఆ జాప్యమునకు వడ్డీ యెవరు కట్టుదురు? ఈ ప్రశ్న నడుగుటకు వేదిక లేకపోలేదు: 1993 జూన్ 1న అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము, 3 లక్షలును ఆపైనను జనాభాగల పురపాలికలకు వార్డు సంఘములను విధించినది. (అవి కూడుటను కన్నులార గాంచినవారు ధన్యులు!) పాఠక మహాశయా, ఈసారి పన్ను రశీదుతోపాటు మీ వీథి రోడ్డు బిల్లు నకలును గూడ అడుగుడు.