ఒకే పార్టీలో రెండు పార్టీలు

ఇంగ్లీషు మాటకు ఒకటే అర్థమట, అదీ గీత గీసినట్టు ఉంటుందట. తెలుగు మాట మాత్రం ఎటు లాగితే అటు సాగుతుందట. స్పోకెన్ ఇంగ్లీషు తరగతుల్లో పుట్టిన ఈ వాదం ఇప్పుడు టీ కొట్ల దాకా వచ్చింది. దాన్ని నమ్మేవాళ్లను ఒకరోజు కడప జిల్లాలో తిప్పాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చూపిస్తే చాలు. ముల్లె మూటా అక్కర్లేదు, వెంట ఒక్క మాట ఉంటే సరి: పార్టీ.

బంగారు వ్యాపారంతో రెండో బొంబాయి అనిపించుకున్న ప్రొద్దుటూరులో మొదలుపెడదాం. అంగట్లో "పార్టీ వచ్చిండాది, హారాలు తియ్యప్పా" అని కేక వినిపిస్తే, జెండాలు పట్టుకొని ఎవరో వచ్చారని బెదరనక్కర్లేదు. కూతురి పెళ్లికి నగలు కొనడానికి ఒక రైతు వచ్చాడు, అంతే. "గట్టి పార్టీ" అంటే డబ్బున్నవాడు. అదే పార్టీ రెండేళ్లకు ఐపీ పెడితే అప్పులిచ్చినవాళ్లు తలలు పట్టుకుంటారు. బేరం కుదిర్చిన బ్రోకరు సాయంత్రం "పార్టీ లేదాన్నా?" అంటాడు. అప్పుడు పార్టీ అంటే బిర్యానీ, దాంతోపాటు పైకి చెప్పని ఇంకొకటి. "రాత్రి పార్టీ ఇచ్చిన పార్టీది ఏ పార్టీ?" అని అడిగితే ఊళ్లో ఎవరూ తడబడరు. తడబడేది ఒక మాటకు ఒకే అర్థమని డబ్బు కట్టి నేర్చుకున్నవాడే.

రిజిస్ట్రారు ఆఫీసు ముందు అగ్రిమెంట్లు రాసేవాళ్ల దగ్గర అమ్మేవాడు ఫస్ట్ పార్టీ, కొనేవాడు సెకండ్ పార్టీ. ఇద్దరూ పేచీ పడితే కోర్టులోనూ వాళ్లు పార్టీలే.

జమ్మలమడుగు వైపు పోతే విషయం ముదురుతుంది. ఆ పల్లెల్లో "మా ఊర్లో రెండు పార్టీలుండాయి" అన్న మాట ఎన్నికల సంఘానికి సంబంధించింది కాదు. అవి కక్షల్లో చీలిన వర్గాలు. రాజకీయ పార్టీ మారినా ఊరి పార్టీ మారదు. దశాబ్దాలపాటు ప్రత్యర్థులుగా ఉన్న ఆదినారాయణరెడ్డి, రామసుబ్బారెడ్డి వర్గాలు 2016లో తెలుగుదేశం గొడుగు కిందికే చేరాయి. పార్టీ ఒకటి, పార్టీలు రెండు! 2014లో వైఎస్సార్‌సీపీ తరఫున గెలిచిన ఆదినారాయణరెడ్డి 2017లో తెలుగుదేశం ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 2019లో బీజేపీలో చేరారు, 2024లో ఆ పార్టీ ఎమ్మెల్యే అయ్యారు. రామసుబ్బారెడ్డి 2020లో వైఎస్సార్‌సీపీకి వెళ్లారు. ఇన్ని మార్పుల మధ్య "మీ నాయకుడిది ఏ పార్టీ?" అంటే చెప్పడం కష్టం. "ఊర్లో నువ్వు ఏ పార్టీ?" అంటే మాత్రం పిల్లవాడైనా చెప్పేస్తాడు.

పులివెందులలో ఒకే ఇంట్లో కూడా ఈ మాట చీలింది. 2011 ఉప ఎన్నికలో కొత్తగా పుట్టిన వైఎస్సార్‌సీపీ నుంచి విజయమ్మ, కాంగ్రెస్ నుంచి మరిది వివేకానందరెడ్డి తలపడ్డారు, విజయమ్మ గెలిచారు. 2024 కడప లోక్‌సభ పోటీలో అదే కుటుంబానికి చెందిన ఇద్దరిలో అవినాశ్ రెడ్డిది వైఎస్సార్‌సీపీ, షర్మిలది కాంగ్రెస్. ఆమె అంతకు మూడేళ్ల ముందు తెలంగాణలో సొంత పార్టీ పెట్టి, 2024 జనవరిలో కాంగ్రెస్‌లో కలిపారు.

అర్థాలు ఇలా పెరగడం మన తప్పేమీ కాదు. విడదీయడం అనే పాత ఫ్రెంచి క్రియ నుంచి వచ్చిన మాట ఇది. ఆ విడదీయడానికి చట్టం కూడా లెక్క కట్టింది: ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చినప్పుడు ఒక పార్టీ చట్టసభ సభ్యుల్లో మూడో వంతు చీలితే తప్పు లేదన్నారు. 2003లో ఆ వెసులుబాటు తీసేసి, మూడింట రెండు వంతులు విలీనమయ్యే వీలును మాత్రం ఉంచారు. ఇక ఇంగ్లీషు ఖచ్చితత్వం సంగతంటారా, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 ముద్రణలో 'సెట్' అనే మూడక్షరాల మాటకు 430 అర్థాలు ఇచ్చారు. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, తెలుగు నేర్చి, నిఘంటువులు కూర్చిన బ్రౌన్ దొర తెలుగు మాట సాగుతుందని జడిసి పారిపోలేదు.

మిగిలింది థర్డ్ పార్టీ. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. బండి యజమాని ఫస్ట్ పార్టీ, బీమా కంపెనీ సెకండ్ పార్టీ, దెబ్బ తినే దారిన పోయేవాడు థర్డ్ పార్టీ. పల్లెల్లో రెండు పార్టీలు కొట్టుకున్న రోజుల్లోనూ ఆ మూడోవాడు ఉన్నాడు: ఎవరి జోలికీ పోకుండా కూలికి పోయి వచ్చేవాడు. వాడికి మాత్రం ఏ పాలసీ లేదు.