జావా విక్రయ వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం

అసలైన 1978 నాటి జావా. వినైల్ అంగీతో. ఒరిజినల్ అని నమ్మకం. తాతగారి అటక మీద దొరికినది. ఫొటోలో ఉన్నదే పంపబడును. వాపసు లేదు.

అవతారిక

అమెరికాలో పాత స్టార్ వార్స్ బొమ్మలు అమ్ముకునేవారి నోట ఏళ్ల తరబడి నలుగుతున్న వాక్యమిది. కర్త అజ్ఞాతుడు. ఒక్కడు కాదు, వేయిమంది అని మా అనుమానం. మూలం ఇంగ్లీషు, తెనిగించిన పాపం మాది. ఛందస్సు లేదు గాని యతిస్థానం ఒకటుంది. ధర చదివాక పాఠకుడికి ఊపిరి ఆగేది అక్కడే.

ప్రతిపదార్థం

జావా = సినిమాలో ఎడారి వెంట తిరుగుతూ పాత యంత్రాలు ఏరి అమ్ముకునే మరుగుజ్జు. తుక్కు వ్యాపారి బొమ్మ చుట్టూ ఇంత వ్యాపారం నడవడం కవి ఉద్దేశించిన చమత్కారం కాకపోవచ్చు, అయినా టీకాకారుడికి దొరికింది వదలడం అలవాటు లేదు. సిన్సినాటి నగరంలోని కెన్నర్ కంపెనీ 1978లో బజారులోకి దింపిన మొదటి 12 బొమ్మల్లో ఇదొకటి. నిలబెడితే రెండున్నర అంగుళాలైనా ఉండదు.

1978 నాటి = బొమ్మ కాలి మీద సన్నటి అక్షరాల్లో జి.ఎం.ఎఫ్.జి.ఐ. 1977 అని ఉంటుంది. అప్పట్లో కెన్నర్ యజమాని జనరల్ మిల్స్, అంటే పొద్దున్నే పాలలో వేసుకు తినే అటుకుల కంపెనీ. ఆ పొడి అక్షరాలు వారి ఆటవస్తువుల విభాగానివి. 1977 అన్నది హక్కు పుట్టిన ఏడు, బొమ్మ పుట్టిన ఏడు కాదు. ఆ తర్వాత చాలా ఏళ్లకు అచ్చుపోసిన జావా కాలి మీదా అదే అంకె. కొత్తగా ఈ సంతకొచ్చినవారు ఆ అంకెను జన్మపత్రిక అనుకుని డబ్బు పంపేస్తుంటారు.

వినైల్ అంగీతో = వాక్యంలో బరువంతా ఈ పదానిదే. అదే వరుసలోని పెద్ద బొమ్మలు డార్త్ వేడర్‌కూ బెన్ కెనోబీకీ తొడిగినట్టే మొదట్లో జావాకూ ఒక వినైల్ ముక్క తొడిగారు. పొట్టి బొమ్మకు పలచటి ప్లాస్టిక్ చుట్టి, పెద్ద బొమ్మల ధరే అడిగితే తల్లిదండ్రులు ఊరుకోరని కంపెనీ జంకిందంటారు. త్వరలోనే గుడ్డ అంగీ వచ్చింది. గుడ్డంగీ జావాలు కొల్లలు, వినైల్‌వి అరుదు. లోపలి బొమ్మ మాత్రం రెంటికీ ఒక్కటే. కాబట్టి ధరలోని తేడా మొత్తం చేతులు దూర్చే రెండు కంతలున్న ఆ గోధుమరంగు ముక్కది. కత్తెర పట్టినవాడికి ఇంతకన్నా ఆహ్వానం ఏం కావాలి? బెన్ కెనోబీ అంగీని పొట్టిగా కత్తిరించి జావాకు తొడగడం ఈ విద్యలో పాత పాఠమే. అందుకే తెలిసినవారు ముందు బొమ్మను చూడరు. భూతద్దం పట్టుకుని అంగీ అంచు చూస్తారు. అచ్చుతో ఒక్క వేటున తెగిందా, కత్తెర ఆగి ఆగి నడిచిందా, చంక దగ్గర కంత గుండ్రన సాపుగా ఉందా అని.

ఒరిజినల్ అని నమ్మకం = ఎవరికి నమ్మకం? వాక్యంలో కర్త లేడు. కర్మ మాత్రం కొన్నవాడిది.

తాతగారి అటక మీద దొరికినది = ప్రత్యక్షం కాదు, అనుమానం కాదు, శబ్దప్రమాణం. అటక ఎక్కి చూసివచ్చిన ఆప్తుడెవడూ లేడు.

తాత్పర్యం

నకిలీలు వస్తే అసలువాటి ధర పడిపోతుందని లోకం అనుకుంటుంది. పూర్తిగా నిజం కాదు. అకెర్లాఫ్ అనే అర్థశాస్త్రవేత్త పాత కార్ల సంతను పట్టుకుని 1970లో ఒక వ్యాసం రాసి, 2001లో నోబెల్ అందుకున్నాడు. మంచిదేదో చెడ్డదేదో కొనేవాడికి తెలియనప్పుడు అన్నిటికీ కలిపి ఓ మధ్యరకం ధరే ఇస్తాడు, ఆ ధరకు అమ్మబుద్ధికాక మంచి సరుకున్నవాడు సంతలోంచి తప్పుకుంటాడు అన్నది ఆయన మాట. కొట్లో అమ్మినప్పటి అట్ట లేకుండా విడిగా ఉన్న వినైల్ జావాకు పట్టిన గతి ఇదే. నిజంగానే తాతగారి అటక మీద దొరికినవాడు కూడా దొంగతో పాటు బోనులో నిలబడాలి.

తగ్గిన ఆ విలువ గాలిలో కలిసిపోదు, సాక్షి దగ్గరికి వెళ్తుంది. బొమ్మను మూసిన ప్లాస్టిక్ బుడగ ఊడని అట్ట, పాత రసీదు, యాక్షన్ ఫిగర్ అథారిటీ వంటి సంస్థ బొమ్మను పారదర్శకమైన పెట్టెలో బిగించి నూటికి ఇన్ని అని వేసిన మార్కులు: సొమ్మంతా వీటికి. బొమ్మను చేత్తో ముట్టుకునే వీలు పోయాకే దానికి పూర్తి ధర. ఇక అట్టకు బుడగను తిరిగి అంటించే నేర్పరులూ ఉన్నారు. సాక్షికి సాక్షి కావాలంటే అనవస్థాదోషం.

శంక: కెన్నర్ వారి చిన్న తుపాకులు గ్లాసెడు నీళ్లలో వేస్తే తేలతాయి, నకిలీవి మునుగుతాయి అంటారే?

సమాధానం: అంటారు. అసలువాటిలోనూ మునిగేవి ఉన్నాయి. పైగా ఆ సూత్రం చదివిన నకిలీకారుడు తేలే ప్లాస్టిక్ వెతుక్కున్నాడు. పరీక్ష అచ్చయిన మర్నాటి నుంచే దానికి కాలం చెల్లుతుంది.

శంక: కంపెనీయే మళ్లీ అచ్చు వేస్తే పాతదానికి దెబ్బ కాదా?

సమాధానం: కొనేవాడికి కావలసింది బొమ్మా, ఆ కాలమా అన్నదాన్ని బట్టి. స్టార్ వార్స్‌లోనే మరో పాత్ర బోబా ఫెట్ బొమ్మను వీపు నుంచి రాకెట్ దూసుకెళ్లేట్టు కెన్నర్ 1979లో ఇవ్వజూపి, పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో మానుకుంది. నమూనాలు కొన్ని బయటపడ్డాయి. కెన్నర్‌ను తనలో కలుపుకున్న హాస్బ్రో 2010లో రాకెట్ దూసుకెళ్లే ఫెట్‌ను తపాలా ఆఫర్ కింద పంచింది. ఆ తర్వాత 2024లో పాత నమూనా ఒకటి వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. రాకెట్ సరదా తీరినవారు పక్కకు తప్పుకున్నారు, పంతం ఉన్నవారు మిగిలారు. అలాగని అందరికీ అభయం ఇవ్వలేం. షెల్ఫులో నిలబెడితే చాలనుకునేవాళ్ల మీద బతికే మామూలు బొమ్మకు కొత్త అచ్చు పోటీయే.

మా దృష్టిలో అసలు చిక్కు వేరేచోట ఉంది. పోయిన తుపాకీకి బదులుగా నకలు చేసి, నకలేనని చెప్పి అమ్మేవాడు మొదట మోసగాడు కాడు. రెండో చేతికి పోయేసరికి ‘నకలు’ అన్న మాట రాలిపోతుంది. మూడో చేతికి అటక, తాతగారు వచ్చి చేరతారు. కావ్యాల్లో ప్రక్షిప్తాలు చేరేది ఇలాగే. ఎవరో అంచున సరదాగా రాసుకున్న పద్యాన్ని తర్వాతి లేఖకుడు భక్తిగా మూలంలోకి ఎక్కిస్తాడు.

విశేషం: దాక్షిణాత్య పాఠం

నకలనీ పునర్ముద్రణనీ అనలేని మూడో జాతి మన దేశంలోనే ఉంది. 1987లో మొదలైన ఫన్‌స్కూల్ (టైర్ల ఎం.ఆర్.ఎఫ్. వారిది) హాస్బ్రో అచ్చులతో జి.ఐ.జో బొమ్మలు ఇక్కడే పోసింది. అమెరికా బొమ్మకు లేని రంగులు కొన్నిటికి పడ్డాయి. మన పిల్లలు మట్టిలో పాతిపెట్టిన ఆ సైనికుల కోసం అక్కడివారు ఇప్పుడు వెతుకుతున్నారు.

పాఠాంతరం

వాపసు లేదు = ఈ పదానికి అర్థం అందరికీ తెలుసు, టీక అక్కర్లేదు. అయితే ఈ వాక్యానికే మరో ప్రతి దొరికింది. అందులో ‘తాతగారి అటక’కు బదులు ‘మేనమామ గారేజీ’ అని ఉంది. ఫొటో మాత్రం అదే. ధర పైన ఇంకో 200 డాలర్లు.