ముఖర్జీ నగర్‌లో 24 గంటలు: వాడుకునే విధానం

సివిల్స్‌కని ఢిల్లీ వెళ్లే తెలుగువాళ్లు ఎక్కువగా పాత రాజేంద్ర నగర్‌లో దిగుతారు. మీరు స్నేహితుడి మాట విని, హిందీ మీడియం కోట ముఖర్జీ నగర్‌కొచ్చారు. ఇక్కడ ఆఫీసు లేదు, బాసు లేడు, హాజరు పట్టీ లేదు. రోజంతా మీదే. దాన్ని ఖర్చుపెట్టే పద్ధతి ఇదీ.

1. టైమ్‌టేబుల్: చదువుకు 14 గంటలు, నిద్రకు 6, మిగతా బతుకంతటికీ 4. సిలబస్ తెరవకముందే స్కెచ్ పెన్నులు కొనండి. పాలిటీకి ఏ రంగో, ఎకానమీకి ఏ రంగో తేలేసరికి పొద్దు గూకుతుంది. అమలు సోమవారం నుంచే. మంగళవారం గుర్తొస్తే వారం ఆగాలి.

2. పని: నెల అద్దె కట్టి లైబ్రరీలో కుర్చీ సంపాదించండి. పుస్తకాలు మీరే తెచ్చుకోవాలి. తెల్లారగానే కుర్చీ ముందు నోట్సు, నీళ్ల సీసా పెట్టి టీకి వెళ్లండి. మీ తరఫున అవి చదువుతుంటాయి. లైబ్రరీ ఎంచుకునేటప్పుడు ఏసీ, వైఫై చూస్తారు సరే, మెట్లు కూడా చూడండి. 2023 జూన్ 15న ఇక్కడి కోచింగ్ భవనంలో మంటలొస్తే విద్యార్థులు కిటికీల్లోంచి తాళ్లు పట్టుకుని దిగారు. ఈ ఒక్క సలహా వేళాకోళానికి ఇచ్చింది కాదు.

3. టీ: ఇక్కడి బత్రా సినిమా హాలు ఎప్పుడో మూతపడింది, దాని దగ్గరి టీ అడ్డా మాత్రం మూతపడలేదు. మెయిన్స్ జనరల్ స్టడీస్ పేపర్‌లో 3 గంటలకు 20 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 9 నిమిషాలు. టీ కొట్టు దగ్గర గవర్నర్ అధికారాల మీద గంటన్నర తక్కువ కాకుండా వాదించండి. ఇది గ్రూప్ డిస్కషన్, చదువు ఖాతాలో రాసుకోవాలి.

4. ప్రయాణం: గది నుంచి లైబ్రరీకి నాలుగడుగులు. ప్రయాణ బడలిక లేనివాణ్ని ఢిల్లీలో ఎవరూ లెక్కచేయరు కాబట్టి ఆదివారం ఆంధ్రా భవన్‌కు బయల్దేరండి. జీటీబీ నగర్ దాకా బ్యాటరీ రిక్షా, పటేల్ చౌక్ దాకా ఎల్లో లైన్ మెట్రో, అక్కణ్నుంచి అశోకా రోడ్డుకు నడక, ఆపైన క్యాంటీన్ ముందు వరస. భోంచేస్తూ తెలుగు రాజకీయాలు మాట్లాడితే కరెంట్ అఫైర్స్ అయిపోయినట్టే. తిరిగొచ్చేముందు షాజహాన్ రోడ్డులో యూపీఎస్సీ ఉండే ధోల్‌పూర్ హౌస్ గేటు చూడండి. 275 మార్కుల ఇంటర్వ్యూకు సగం ప్రిపరేషన్ పూర్తి.

5. వినోదం: సినిమా చూడటం పాపం. టాపర్ రోజుకు ఎన్ని గంటలు చదివాడో రాత్రి రెండింటిదాకా వీడియోల్లో వినడం పుణ్యం. తెలుగు మాధ్యమంలో రాసి 2016 పరీక్షలో మూడో ర్యాంకు తెచ్చుకున్న రోణంకి గోపాలకృష్ణ, 2017 పరీక్షలో మొదటి ర్యాంకు కొట్టిన దురిశెట్టి అనుదీప్... ఇలా ఒకరి తర్వాత ఒకరు. వాళ్ల షెడ్యూలు నోటికొచ్చాక మీ షెడ్యూలుతో పనిలేదు.

6. ఇల్లు: రాత్రి అమ్మ ఫోను చేసి "ఎంతవరకొచ్చిందిరా?" అంటుంది. "రివిజన్‌లో ఉన్నానమ్మా" అనండి. మొదటిసారి చదవనిదాన్ని రివిజన్ ఎలా చేస్తారని అమ్మ అడగదు.

7. పొదుపు: మీరు గంటలు లెక్కపెడతారు, కమిషన్ అటెంప్టులు లెక్కపెడుతుంది. జనరల్‌కు 6, ఓబీసీకి 9. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపరు రాసినా ఒకటి పోయినట్టే, దరఖాస్తు పెట్టి హాలుకు వెళ్లకపోతే పోదు. కాబట్టి సిలబస్ మిగిలిపోతే పరీక్ష మానేసి అటెంప్టు దాచుకోండి. వయసును మాత్రం ఇలా దాచుకునే వీలు ఏ నోటిఫికేషన్‌లోనూ లేదు. జనరల్‌కు 32 ఏళ్లే గడువు. మీరు హాలుకు వెళ్లినా, బత్రా దగ్గరే కూర్చున్నా పుట్టినరోజు ఏటా వస్తుంది.