మేకల మేతనా, మనుషుల కూరనా? జమ్మిచెట్టు ఆత్మకథ

నేను జమ్మిని. కడప జిల్లా కమలాపురం పక్కన నల్లరేగడి చేని గట్టు నా చిరునామా. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టు వంశం కదా, విజయదశమి వచ్చిందంటే నా చుట్టూ తిరణాలే. ప్రదక్షిణలు చేస్తారు, చీటీలు కడతారు, నా ఆకు తుంచి బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతారు. తెల్లారితే మళ్లీ నేను మేకల చెట్టునే.

నా కాయ సంగతి ఎవరూ అడగరు. ఎండలు ముదిరి, చేలు నెర్రెలిచ్చి, బోర్లు గాలి కక్కేటప్పుడు నేను పచ్చగా చిగురేస్తాను. నా తల్లివేరు ఇరవై మీటర్ల లోతుకైనా దిగి తడి వెతుక్కుంటుంది. లేతపసుపు పూలకంకులు రాలాక కాయలు వేలాడతాయి. మటిక్కాయ కంటే సన్నం, జానెడు పొడవు. లేతగా ఉంటే వగరు. పండితే గింజల చుట్టూ తియ్యటి గుజ్జు. మేకలు కాసే పిల్లోళ్లు దాన్ని చప్పరించి గింజలు ఉమ్మేస్తారు. అంతకుమించి ఇక్కడ నా కాయకు మర్యాద లేదు.

ధాత కరువు నాకు తెలుసు. 1876 నుంచి 78 దాకా ఈ సీమంతా గంజికి అల్లాడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అటవీ అధికారి బెడ్డోమ్ కోరిక మీద పరాయి దేశం నుంచి విత్తనాలు తెప్పించి మా కమలాపురంలో నాటారు. అదే మీ సర్కారు తుమ్మ. నాకు దూరపు చుట్టమే, మొన్నమొన్నటిదాకా శాస్త్రజ్ఞులు ఇద్దరినీ ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతిలో లెక్కించారు. దాని కాయలూ తియ్యనే. మేకలు తిన్నాయి, పెంటికల్లో గింజలు మొలిచాయి, వంకలూ చెరువులూ కంపతో నిండిపోయాయి. అమెరికా ఖండంలో ఆ జాతి కాయలను పిండి కొట్టుకుంటారు, పానకం కాస్తారు. ఇక్కడికి చెట్టు వచ్చింది గానీ దాని వంట రాలేదు. నేను ఇక్కడే పుట్టినా నా గతీ అంతే అయింది.

ఒక వేసవిలో ప్రొద్దుటూరు నుంచి మార్వాడీ అవ్వ ఒకామె వచ్చి నా కింద నిలబడి పైకి చూసింది. దోటి తెచ్చి లేతకాయలు కోయించింది.

"మేకలకా అవ్వా?" అంది చేని ఇల్లాలు.

"మనకేనమ్మా. మా ఊర్లో దీన్ని సాంగ్రీ అంటారు. పెండ్లి విందులోనూ ఇదే కూర."

గింజ గట్టిపడని కాయలే ఏరుకోవాలని అవ్వ వేలితో నొక్కి చూపించింది. ఉప్పునీళ్లలో ఉడికించి వార్చేస్తే వగరు పోతుంది. మిగిలినవి ఉడికించి ఎండబెట్టుకుంటే ఏడాదంతా ఉంటాయి, వండే ముందు రాత్రి నానబెడితే చాలు. వాళ్ల వైపు కైర్ కాయలు, ఎండుమామిడి కలిపి సజ్జరొట్టెలోకి తింటారట. మా ఇల్లాలు దాన్ని తన దారికి తిప్పుకుంది. శెనిక్కాయనూనెలో ఎండుమిరపకాయలు, దంచిన తెల్లగడ్డలు వేసి తాలింపు పెట్టి, ఉడికిన కాయలు పోసి, కాస్త చింతపులుసు, పైన వేయించిన శెనిక్కాయల పొడి. జొన్నరొట్టెలోకి ఇంటిల్లిపాదీ రెండోసారి అడిగి వేయించుకున్నారు.

ఆ అవ్వ వాళ్ల రాజస్థాన్‌లో నన్ను ఖేజ్రీ అంటారు. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజర్లీలో రాజు మనుషులు నరకడానికి వస్తే అమృతాదేవి నన్ను కావలించుకుని ప్రాణమిచ్చింది. ఆమెతో కలిపి 363 మంది బిష్ణోయీ సమాజం వాళ్లు పోయారని చెబుతారు. వాళ్లకు నేను దేవుడి చెట్టునే గానీ, దాంతోపాటు మేతను, నీడను, కూరను. నా కింద సజ్జ ఏపుగా పెరుగుతుందని అక్కడి రైతుకు తెలుసు. ఎండు సాంగ్రీ ఈరోజు జీడిపప్పుతో పోటీపడే ధర పలుకుతోంది.

మొక్కొద్దని నేను అనను. కానీ ట్రాక్టరు తిరగడానికి అడ్డమని పక్క గట్టు మీది జమ్మిని కొట్టేసినప్పుడు దసరా ఎవరికీ గుర్తుకు రాలేదు. ఏడాదికొకరోజు దండం పెట్టే చెట్టు మీద గొడ్డలి ఎత్తడానికి మనిషి పెద్దగా ఆలోచించడు. మూడొందల అరవై ఐదు రోజులూ ఇంట్లో పనికొచ్చే చెట్టైతే అడ్డుపడేవాళ్లు ఇంట్లోనే ఉంటారు. ఆ మధ్య నా వంతూ వచ్చింది. గొడ్డలి తీసిన మొగుడితో ఇల్లాలు ఒకటే మాట అంది:

"దాని జోలికి పోతివా, రేపటి నుంచి రొట్టెలోకి కూర నువ్వే చూసుకో."